రత్నాలు తన రికార్డుకి సీలు వేసిన వైనం

నీలంరేవు పట్నంలో పోలీసులు ఎవరినైనా అరెస్టు చేస్తే, సాయంత్రానికల్లా స్టేషన్‌లో అచ్చం ఆ మనిషిలాంటి మనిషే ఇంకొకరు పుడతారు. పట్టుబడిననాటి బట్టలు, పట్టుబడిననాటి వయసు, పట్టుబడినప్పుడు నోట్లో ఉన్న మాట. దాన్ని రికార్డు అంటారు. అసలు మనిషిని బెయిలు మీద వదిలేస్తారు గానీ రికార్డుని వదలరు. కేసు తేలినా తేలకపోయినా అది రేవు పక్కనున్న పాత ఉప్పు గోదాములో ఉంటుంది. ఊళ్లో ఏ ఆఫీసులో ఆ పేరు పిలిచినా అసలు మనిషికంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. పని చెడ్డాక లేచి మళ్లీ గోదాముకి వెళ్లిపోతుంది. దీనికి ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. పెళ్లిచూపులకి కుర్రాడితోపాటు అతని రికార్డు కూడా దిగితే, దానికీ ఒక ప్లేటు మిఠాయి పెట్టి, తర్వాత కబురు చేస్తామని ఇద్దరినీ సాగనంపుతారు.

గరికిన రత్నాలు రికార్డు ఆమె కొత్త ఉద్యోగానికి అడ్డు వచ్చింది. రత్నాలుది చేపలమ్ముకునే కుటుంబం. మొగుడు ఎర్రయ్య వేటకి వెళితే ఆమె గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. నడక ఎప్పుడొచ్చిందో ఈత కూడా అప్పుడే వచ్చింది ఆమెకి. బీచిలో మునిగిపోయేవాళ్లని కాపాడటానికి ఆడవాళ్లని కూడా లైఫ్ గార్డులుగా తీసుకుంటామని మునిసిపాలిటీ ప్రకటించినప్పుడు వెళ్లి పరీక్షలో నిలబడింది. ఆ రోజు కెరటాలు పెద్దవిగా ఉన్నాయి. పరీక్ష పెట్టడానికొచ్చిన అధికారే కాలు జారి కొట్టుకుపోతుంటే రత్నాలు దూకి, జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చింది. ఆయన కక్కిన ఉప్పునీళ్లు తుడుచుకుని, అక్కడికక్కడే ఆమె పాసైందని చెప్పాడు.

ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్. రత్నాలు ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వెళ్లింది. అప్పటికే ఆమె రికార్డు కుర్చీలో ఉంది. పాత ఆకుపచ్చ చీర, తడిసిన కుచ్చిళ్లు, ఒళ్లో గంప, గంపనిండా చచ్చిన చేపలు. వెరిఫికేషన్ అధికారి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

కొన్నేళ్ల కిందట ఊరి చివరి రంగుల కంపెనీ తన పైపుని సముద్రంలోకి తిప్పింది. వారం తిరక్కుండా ఒడ్డంతా చేపలు తేలాయి. రత్నాలు అందిన చేపల్ని గంపకెత్తుకుని, ఆ కంపెనీ పెద్ద ఆఫీసు మెట్ల మీద దించింది. దానికే పోలీసులు పట్టుకుంటే, ఒక్క మాట అడిగి వ్యాను ఎక్కింది. చేపలు ఆఫీసుకి తేకూడదని ఏ చట్టంలోనూ లేదని మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు. రత్నాలు ఆ సంగతి మరిచిపోయి బతుకుతోంది. రికార్డు మరిచిపోలేదు.

"మా సముద్రాన్ని సంపినోల్లు లోపల ఏసీలో కూసున్నారు. సచ్చిన సేపల్ని తెచ్చిన నన్నా మీరు పట్టుకుంటారు?" అంది రికార్డు, అధికారి వైపు తిరిగి.

"చూశావా?" అన్నాడు అధికారి రత్నాలుతో. "నువ్వు మంచిదానివే అయ్యుండొచ్చు. ఈవిడ ఇలా మాట్లాడుతుంటే నేనేం రాయను? ముందు దీనికి సీలు వేయించుకురా."

సీలింగు సెక్షన్ కోర్టు వెనక ఉంది. దాని సూపరింటెండెంటు మృత్యుంజయరావు మర్యాదస్తుడు. వచ్చినవాళ్లందరినీ కూర్చోమంటాడు. ఉన్న ఒక్క కుర్చీలో ఎప్పుడూ ఎవరిదో ఒక రికార్డు కూర్చుని ఉండటం వల్ల ఎవరికీ కూర్చునే వీలు లేదు.

"జడ్జిగారు కేసు కొట్టేసారు గదండీ. మరింకా ఇదెందుకుందండీ?" అని అడిగింది రత్నాలు నిలబడే.

"కేసు కొట్టేశారమ్మా. అరెస్టుని కొట్టేయలేదు. అరెస్టు జరిగింది కదా. జరిగినదాన్ని జరగలేదని గవర్నమెంటు ఎలా అంటుంది?"

"పైపు గురించి అంటన్నారు గదండీ! ఇసం వొదల్లేదనీ, సేపలు సావలేదనీ! అది జరగలేదంట, నాను వ్యానెక్కడం మాత్రం జరిగిందంట. ఇదేటి నాయమండీ?"

మృత్యుంజయరావు నొచ్చుకోలేదు. ఆ ప్రశ్న తన సెక్షన్‌కి రాదని నెమ్మదిగా చెప్పి పద్ధతి వివరించాడు. తనంతట తానుగా ఆఫీసుకి వచ్చిన రికార్డుకి సీలు వేయరాదు. ఎవరి రికార్డుని వాళ్లే గోదాములో వెతికి, చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. దాని నోటి మీద వాళ్లే లక్క పోయాలి. తను ముద్ర కొడతాడు.

"మాలాంటోల్లం సరే. మా వార్డు నాయకుడి మీద బోల్డు కేసులున్నాయి గదండీ? ఆయనెక్కడికెల్లినా ఒక్క రికార్డూ రాదేటండీ?"

"ఆయనవి గోదాములో ఉండవమ్మా. పార్టీలో ఉంటాయి. మొన్న ఆయన పుట్టినరోజు భోజనాల్లో వడ్డించింది అవే కదా," అన్నాడు మృత్యుంజయరావు.

అలా ఆ మర్నాటి నుంచి రత్నాలు గోదాము చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. లోపల వరసలు వరసలుగా జనం నిలబడి ఉంటారు. పుస్తకాల సంచులతో కాలేజీ పిల్లలు, చేతిలో తాళంచెవితో ఆటో డ్రైవర్లు, జెండా కర్ర లేకపోయినా కర్ర పట్టుకున్నట్టే పిడికిలి బిగించిన మిల్లు కార్మికులు. అసలు మనుషులు ఎప్పుడో చనిపోయిన రికార్డులు కూడా ఉన్నాయి. ఎవరూ వచ్చి తీసుకెళ్లరు గనుక అవి అలాగే తమ మాట తాము చెప్పుకుంటూ నిలబడ్డాయి. అందరి మాటలూ కలిసి బయటికి సంత హోరులా వినిపిస్తాయి. ఉప్పుగాలికి కొన్ని రికార్డుల ముఖాలు కరిగిపోయాయి. ఒక ముసలాయన అలాంటి వాటి చేతులు ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడు. చిన్నప్పుడు తన బొటనవేలు తెగిందనీ, దాన్నిబట్టే పోల్చుకోవాలనీ రత్నాలుతో చెప్పాడు. ఆయన మనవడికి ఉద్యోగం రావాలంటే ఆయన రికార్డుకి సీలు పడాలట.

రత్నాలు తన రికార్డుని వాసనబట్టి పట్టుకుంది. అది ఒక మూల, సముద్రం వైపున్న గోడకి ఎదురుగా నిలబడి ఉంది. దగ్గరికెళ్లి చూసింది. ఎంత వయసులో ఉందీ! ఎంత నిటారుగా నిలబడిందీ! ఇలా గడ్డం ఎత్తి తను మాట్లాడి ఎన్నాళ్లైందో రత్నాలుకి గుర్తు రాలేదు.

"మా సముద్రాన్ని సంపినోల్లు లోపల ఏసీలో కూసున్నారు," అని మొదలెట్టింది రికార్డు.

"తెల్సే. నాకు తెల్సు," అంది రత్నాలు. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

ఆ సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకెళ్లింది. సెక్షన్ మర్నాడుగానీ తెరవరు. ఎర్రయ్య వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. ఇద్దరు పెళ్లాలు వస్తుంటే తలెత్తి చూసి, ఆకుపచ్చ చీరలో ఉన్నదాని వంకే చాలాసేపు చూశాడు. రికార్డు తన మాట చెప్పింది. చుట్టుపక్కల గుమ్మాల్లో ఆడవాళ్లు తలలు బయటపెట్టి విన్నారు. అది ఆగి, మళ్లీ మొదట్నుంచి చెప్పింది. ఎవరూ లోపలికి వెళ్లలేదు.

"అది తప్పేటీ అనడంలేదు గదా," అన్నాడు ఎర్రయ్య చివరికి.

"లేదు."

"మరి నోరు మూయిస్తావేటి?"

"మూయకపోతే ఉజ్జోగం రాదు. నువ్వు వేటకెల్తే ఏటి తెస్తన్నావు? అక్కడ సేపే లేదు గదా! ఉంటే నానీ పనికెందుకెల్తాను?" అంటూ రత్నాలు గొంతు చించుకుంది. తర్వాత ఏడ్చింది. ఎర్రయ్య వల పక్కన పడేశాడు.

మర్నాడు సెక్షన్‌లో మృత్యుంజయరావు కొవ్వొత్తి వెలిగించి, లక్క కడ్డీ ఆమె చేతికిచ్చాడు. అలవాటు ప్రకారం నిబంధన చదివి వినిపించాడు. సీలు పడిన మాట ఇకమీదట రికార్డూ అనదు, రికార్డు తాలూకు మనిషీ అనరాదు.

"అనరాదా అండీ, అనలేనా?"

"మొదట్లో ఆ రెండింటికీ తేడా ఉంటుందమ్మా. తర్వాత ఉండదు."

రత్నాలు లక్క కడ్డీని మంట మీద పెట్టింది. రికార్డు పారిపోలేదు, పెనుగులాడలేదు. తన మాట వింటే చాలు, ఎవరికైనా అర్థమైపోతుందన్న ధీమాతో ఆమె కళ్లలోకి చూస్తూ చెబుతోంది. "సచ్చిన సేపల్ని తెచ్చిన నన్నా..." అన్న దగ్గర లక్క పడింది. మృత్యుంజయరావు ముద్ర నొక్కాడు. రత్నాలు పెదవులు చురుక్కుమన్నాయి. తడిమి చూసుకుంటే ఏమీ లేదు. గుమాస్తా వచ్చి రికార్డుని భుజం మీద ఎత్తుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. మాట పోయాక రికార్డులు అట్టపెట్టెకన్నా బరువుండవు.

ఉద్యోగం వచ్చింది. ఎర్ర చొక్కా, ఈల, నీడకి ఒక మంచె. పనిలో రత్నాలుని మించినవాళ్లు లేరని అధికారులే అంటారు. ఒకరోజు టీవీవాళ్లు వచ్చి బీచి నీళ్లు ఎందుకు రంగు మారాయని అడిగారు. ఆమె నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని వినయం అనుకున్నారు. కలెక్టరాఫీసు వాళ్లు ఆమెకి మెచ్చుకోలు పత్రం ఇచ్చారు.

ఆ పద్ధతి బాగా పనిచేసిందని పై అధికారులు గుర్తించారు. అరెస్టు చేయడం, రికార్డు పుట్టడం, దాన్ని వెతకడం, సీలు వేయడం, ఇన్ని దండగ పనులు ఎందుకని మృత్యుంజయరావు ఒక నోట్ పంపాడు. పైవాళ్లు దాన్ని వెంటనే ఒప్పుకున్నారు. ఇకనుంచి ఎవరూ అరెస్టు కానక్కర్లేదు, ముందే వచ్చి నేరుగా తమ నోటికే సీలు వేయించుకోవచ్చు. సీలు ఉన్నవాళ్లకి ఏ ఆఫీసులోనూ వెరిఫికేషన్ ఉండదు. జనం సుఖం కోరి బీచి మీదే టెంటు వేసి శిబిరం పెట్టారు. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. బీచి మీద ఏ జనమున్నా అదుపు చేయాల్సింది లైఫ్ గార్డులే కాబట్టి ఆ డ్యూటీ రత్నాలుకి పడింది.

తెల్లారేసరికే క్యూ లైట్‌హౌసు దాకా సాగింది. తోసుకుంటున్నవాళ్లని రత్నాలు ఈల ఊది వెనక్కి నెట్టింది. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లని ముందుకి పంపింది. అలా వరస సర్దుకుంటూ వెళ్తుంటే మధ్యలో ఎర్రయ్య కనిపించాడు. ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని ఉన్నాడు. రేవులో వాచ్‌మన్ పని ఖాళీగా ఉందట.

రత్నాలు అతని దగ్గర ఆగింది. ఏదో చెప్పాలని చూసింది. అది వచ్చే మాట కాదు.

"కాల్తదేటే?" అని మెల్లగా అడిగాడు ఎర్రయ్య.

"సురుక్కుమంటది. అంతే," అంది రత్నాలు. "ముందుకి జరుగు. ఎనకోల్లు ఆగిపోతన్నారు."