రోగి బాగుపడ్డ పరిశోధన కేంద్రం

ఒక పెద్ద అడవిలో జబ్బుల కంటే కమిటీలే ఎక్కువ. ఆ అడవిలో మంగతాయి అనే దుప్పికి ఉన్న దిగులల్లా ఒక్కటే, కూతురు కోమలి. ఉన్నట్టుండి పడిపోయి కాళ్లు కొట్టుకునేది, నోట నురగ వచ్చేది. పులి వస్తోందని మందంతా పరిగెత్తే వేళ ఈ పిల్ల పడిపోతే ఏంగాను? ఆ భయంతో తల్లికి మేత సహించేది కాదు.

అలాంటి రోజుల్లో చలిదేశపు కొంగలు కబురు పంపాయి. మెదడు, నరాల జబ్బుల మీద రెండు అడవులూ కలిసి పరిశోధన చేద్దాం, ఖర్చు మాది, మందాకు కూడా మేమే పంపుతాం అన్నాయి. పాపం, మంచి ఉద్దేశమే. మన అడవి సంగతి వాటికి తెలీదు.

డైరెక్టరు పదవి కొండముచ్చు కోదండపాణికి దక్కింది. నరం ఎక్కడుంటుందో ఆయనకు తెలీదు గానీ, సింహంగారి బావమరిదికి పేలు తీసిన అనుభవం ఉంది. రాగానే ప్రారంభోత్సవం పెట్టాడు. మామిడాకులు దొరకలేదని, కొంగలు పంపిన మందాకు మూట విప్పించి గుమ్మానికి నిండుగా తోరణం కట్టించాడు. పచ్చగా బాగుందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

రోగిని చూపించాలి కదా అని తల్లీకూతుళ్లను గుమ్మం పక్కనే నిలబెట్టారు. ఉపన్యాసాలు పొద్దు వాలేదాకా సాగాయి. ఆకలికి ఆగలేక కోమలి అందినంత తోరణం నమిలేసింది. మర్నాడు పడలేదు. ఆ వారమూ పడలేదు. మంగతాయికి సంగతి అర్థమై, రోజూ పిల్లను తెచ్చి గుమ్మం దగ్గర నాలుగాకులు మేపుకుపోయేది. నెల తిరిగేసరికి కోమలి గంతులేస్తోంది. ఆ తల్లి సంతోషం ఇంతా అంతా కాదు.

ఇది తెలిసి కోదండపాణికి గుండె జారిపోయింది. వారంలో కొంగలు తనిఖీకి వస్తున్నాయి. రోగి లేదంటే కేంద్రం ఎత్తేస్తాయి, కుర్చీ పోతుంది. తోరణం ఊడదీయించి, మిగిలిన ఆకంతా ఒక గదిలో పెట్టి తాళం వేశాడు. మంగతాయిని పిలిపించి మెల్లగా నచ్చజెప్పాడు.

“చూడమ్మా, అతిథుల ముందు ఒక్కసారి పడితే చాలు. తర్వాత ఆకు నీ ఇష్టం.”

“పడ్డ పిల్ల లేవకపోతేనో, అయ్యా?”

“లేవకపోతే సంతాప సభ నేను పెట్టిస్తాను కదా. నీకెందుకు బెంగ?”

మంగతాయికి ఒళ్లు మండింది. కానీ తాళంచెవి ఆయన దగ్గరుంది. తలొంచుకుని వచ్చేసింది.

తనిఖీ రోజున కొంగలు వరసగా కూర్చున్నాయి. వారంగా ఆకు లేకపోయినా, తిన్నదాని గుణమేమో, కోమలి ఎంతకీ పడదు. పైగా పెద్దకొంగ కాళ్ల సందున దూరి ఆడుకోవడం మొదలెట్టింది. రోగి ఏదని పెద్దకొంగ మూడోసారి అడిగేసరికి, ఇక లాభం లేదనుకుని కోదండపాణే దబ్బున కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. నురగ కోసం కుంకుడుకాయ ముందే బుగ్గన పెట్టుకున్నాడు లెండి.

కొంగలు నిఖార్సైన శాస్త్రజ్ఞులు. ఆయన్ని వలలో చుట్టేసి, జబ్బు బాగా ముదిరిందని, ఐదేళ్లు దగ్గర పెట్టుకుని చూడాలని రాసుకున్నాయి. నటించానని ఆయన మొత్తుకుంటే, అదీ ఒక లక్షణమేనని ఇంకో ముక్క రాసుకున్నాయి.

మంగతాయి ముందుకొచ్చి, పిల్లకు జబ్బు తిరగబెట్టకుండా ఆ గదిలోని ఆకు ఇప్పించమని అడిగింది. రిపోర్టు వచ్చాక చూద్దామని పెద్దకొంగ ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మాట చెప్పి, డైరెక్టరుగారిని మోసుకుని కొంగలన్నీ ఎగిరిపోయాయి.

మంగతాయి ఇంకెవర్నీ అడగలేదు. మందలోని మగదుప్పుల్ని పిలుచుకొచ్చి, కొమ్ములతో ఆ గది తలుపు పగలగొట్టించింది.

ఇందులో నీతంటూ ఉంటే ఇదీ: పరిశోధన నిలబడాలంటే రోగి పడిపోతూనే ఉండాలి.