శుక్రవారం టార్క్

శుక్రవారం ఉదయం 9 గంటల 40 నిమిషాలకు ఇంజన్ 113 చూపించింది. ముందు రోజు అదే ఇంజన్ 104 దగ్గర ఆగిపోయింది. మధ్యలో మారింది ఒక్కటే: ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే బయటి గాలిని మూడు సిలిండర్లకు పంచిపెట్టే అల్యూమినియం గొట్టాలు.

మోహన్‌రాజ్ ఆ పొద్దున పెద్దగా ఏమీ అనుకోలేదు. పదింటికల్లా పరీక్ష ముగించాలి, అంకె రాసుకోవాలి, పదకొండింటి బస్సుకు కెలమంగలం పోయి అత్తగారి పట్టుపురుగుల షెడ్డులో తట్టలు దించి రావాలి. ఆ తర్వాత మూడు వారాల దాకా ఆ బస్సు అతనికి దొరకలేదు.

హోసూరు నుంచి రాయకోటకు పోయే దారిలో ఉంది వీరప్ప వర్క్‌షాపు. ఇంజన్ బలం కొలిచే టెస్ట్ బెడ్ అక్కడ ఒకటుంది. పదకొండేళ్లుగా దాని ఆపరేటర్ మోహన్‌రాజ్. కృష్ణగిరిలో మామిడి లోడ్ల కోసం చిన్న వ్యాన్లు కట్టే కంపెనీ ఒకటి వీరప్ప దగ్గరికి వచ్చింది. లోడు వేస్తే వ్యాన్లు మిట్ట ఎక్కడం లేదని కొన్నవాళ్లు గొడవ చేస్తున్నారు. టార్క్, అంటే తిప్పే బలం, 112 న్యూటన్ మీటర్లు అయినా రావాలి. వస్తే కొత్త మానిఫోల్డ్‌కు ఆర్డరు. రాకపోతే టెస్ట్ బెడ్ అమ్మేస్తానని వీరప్ప సోమవారమే చెప్పాడు. టెస్ట్ బెడ్ పోతే మోహన్‌రాజ్‌కు చేతనైన పని ఇంకొకటి లేదు.

మానిఫోల్డ్ పోతపోసింది అతని బావమరిది మాదేశ్. గొట్టాల లోపలి గరుకును నలభై రోజులు ఆకురాయితో రాకాడు. అతను తలుపు సందులోంచి తొంగి చూశాడు.

"ఎంతొచ్చె బావా?"

"నూటా పదమూడు."

"ఇంగొకసారి చెప్పు."

"నూటా పదమూడప్పా. ఆకురాయి చేతిలోనే ఉండాది గదా, నీ చెవులు గూడా రాక్కో."

మాదేశ్ నవ్వేలోపు వీరప్ప కృష్ణగిరికి ఫోన్ చేసేశాడు. ఆ మాటలు తెమిలేసరికి మోహన్‌రాజ్ బస్సు వెళ్లిపోయింది.

శనివారం, కృష్ణగిరికి పంపాల్సిన కాగితం కోసం మళ్లీ పరీక్ష పెట్టారు. 108 వచ్చింది. మోహన్‌రాజ్ స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. 108. పెట్రోలు మార్చాడు. 108. సోమవారం నుంచి గురువారం దాకా కేబుళ్లు ఒక్కొక్కటే విప్పి బిగించాడు. ఒకరోజు 107 కూడా వచ్చింది. మాదేశ్ అన్నం తినడం తగ్గించాడు. శుక్రవారం పొద్దున ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే 113 వచ్చింది.

వర్క్‌షాపు ఊడ్చేది, శుక్రవారం పూజ చేసేది అంగాళమ్మ. టెస్ట్ బెడ్ గోడకున్న గూటిలో మారెమ్మ పటం ముందు దీపం పెట్టి, మధ్యాహ్నం దాకా ఆరకుండా నూనె పోస్తుంది. ఆమె చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"నేను చెప్తే మీరు యాడ వింటారు? శుక్రవారం అమ్మ ఈడికి వస్తాది. మిగిలిన దినాలు ఆమెకు వేరే పనులు ఉండవా?"

"సుమ్మనే ఉండమ్మా. ఇది ఇంజను," అన్నాడు మోహన్‌రాజ్.

"ఇంజన్ కాదని ఆమె అన్నెనా?" అన్నాడు వీరప్ప. ఆయన గూటి వైపు చూస్తున్నాడు. "మోహన్‌రాజూ, ఒక వత్తికి అయిదు పెరిగింది. అయిదు వత్తులు పెడితే ఎంత?"

"సార్..."

"లెక్క అడిగినాను. చెప్పు."

మూడో శుక్రవారం గూటిలో అయిదు వత్తుల ఇత్తడి దీపం వెలిగింది. ఇంజన్ 117 చూపించింది. వీరప్ప ఆ అంకెను కూడా కృష్ణగిరికి చెప్పేశాడు. వచ్చే శుక్రవారం తామే వచ్చి చూస్తామన్నారు వాళ్లు.

ఆ మధ్యాహ్నం మోహన్‌రాజ్ పరీక్ష కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. టార్క్ వరుస తప్ప మిగతావి చూడమని పదకొండేళ్లలో ఎవరూ అతన్ని అడగలేదు. చివరి వరుస గాలి వేడి. మామూలు దినాల్లో 27 డిగ్రీలు. మొదటి రెండు శుక్రవారాలు 51. మూడో శుక్రవారం 68.

అతను తలెత్తి గోడ చూశాడు. గాలి వేడిని కొలిచే సెన్సర్ ఉండాల్సింది కిటికీ పక్కన, ఇంజన్ గాలి పీల్చే గొట్టం దగ్గర. ఆయుధ పూజకు సున్నం వేసినప్పుడు అక్కడి మేకు ఊడింది. అంగాళమ్మ సెన్సర్‌ను కింద పడేయకుండా గూటికి పైనున్న మేకుకు తగిలించింది. అప్పటి నుంచి అది దీపానికి జానెడు ఎత్తున వేలాడుతోంది. వేడి గాలిలో ఇంజన్‌కు బలం తగ్గుతుంది. అందుకని గాలి వేడిగా ఉందని సెన్సర్ చెబితే, ఆ తగ్గుదలను కంప్యూటర్ లెక్కగట్టి టార్క్‌కు కలుపుతుంది. ఇంజన్ పీలుస్తున్నది కిటికీ అవతలి గాలి. కంప్యూటర్ లెక్కగడుతున్నది మారెమ్మ దీపం.

వీరప్ప అంతా విన్నాడు.

"నూటా పదిహేడు అని చెప్పేసినాను. ఇప్పుడు లేదని కృష్ణగిరికి నువ్వు చెప్తావా? దీపం వద్దని అంగాళమ్మకు నువ్వు చెప్తావా?"

మోహన్‌రాజ్ రెండోది సులువనుకున్నాడు.

"అయిదు వత్తులు పెట్టినాక మళ్లీ తగ్గిస్తారా ఎవురైనా?" అంది అంగాళమ్మ. "తగ్గించు నాయనా. రేపు నీ ఇంట్లో ఏమైనా అయితే నా కాడికి రావద్దు."

సెన్సర్‌ను కిటికీ దగ్గరికి మార్చబోతే మాదేశ్ చెయ్యి పట్టుకున్నాడు. "బావా, అది పీకితే మన ఇద్దరి పని పీకినట్లే. నిలబడుకో."

మోహన్‌రాజ్ నిలబడ్డాడు.

నాలుగో శుక్రవారం పదింటికి కృష్ణగిరి నుంచి ఇంజనీరు నందిత, ఆమె మేనేజరు శరవణన్ వచ్చారు. శరవణన్ చెప్పులు బయట విడిచి గూటికి దండం పెట్టుకున్నాడు. ఇంజన్ 117 చూపించింది. వీరప్ప అందరికీ కాఫీ తెమ్మన్నాడు.

"పాత మానిఫోల్డ్ గూడా ఇప్పుడే బిగించి చూపించండప్పా," అంది నందిత. "రెండూ ఒకే దినం చూడల్ల గదా."

బిగించడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో అంగాళమ్మ రెండుసార్లు నూనె పోసింది. పాత మానిఫోల్డ్‌తో ఇంజన్ 112 చూపించింది.

"ఇది నూటా నాలుగు అని రాసినారు గదా మీరు?"

"అమ్మకు పాతదీ కొత్తదీ ఒకటే," అంది అంగాళమ్మ.

నందిత మోహన్‌రాజ్ వైపు తిరిగింది. అతను వీరప్పను చూడలేదు. సెన్సర్‌ను చూపించాడు, దీపాన్ని చూపించాడు, కాగితాలలో చివరి వరుసను చూపించాడు.

"దీపం లేకపోతే పాతది నూటా నాలుగు, కొత్తది నూటా ఎనిమిది మేడం. నాలుగు పెరిగె. ఆ నాలుగూ మాదేశ్ చేతి పని. అది అబద్ధం కాదు."

మాదేశ్ బయటికి వెళ్లిపోయాడు. నందిత అంతా రాసుకుంది. సోమవారం నుంచి ఎక్కడికి పోవాలో మోహన్‌రాజ్ మనసులో వెతుక్కుంటున్నాడు. గురుబరపల్లిలో చిన్నాన్న టమాటా తోట తప్ప ఏదీ తట్టలేదు.

శరవణన్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"పాత మానిఫోల్డ్‌తో నూటా పన్నెండు వచ్చె గదా?"

"దీపం ఉంటేనే సార్."

"వచ్చెనా, లేదా?"

"వచ్చె సార్."

"మాకు కావాల్సింది నూటా పన్నెండే గదా?"

"అవును సార్."

"అట్లయితే కొత్త మానిఫోల్డ్ ఏంటికప్పా?"

"సార్, ఆ సెన్సర్..." అని నందిత మొదలుపెట్టింది. శరవణన్ వీరప్పను పక్కకు పిలుచుకుపోయాడు. పది నిమిషాల తర్వాత వీరప్ప ఒక్కడే తిరిగొచ్చి మోహన్‌రాజ్ భుజం తట్టాడు.

"నీ నోటికి మొక్కల్లప్పా. నువ్వు చెప్పకపోతే ఆయనకు ఇది తోచేది గాదు."

మానిఫోల్డ్ ఆర్డరు రాలేదు. దానికి బదులు కంపెనీ తన వ్యాన్ల ఇంజన్లన్నిటి పరీక్షను ఏడాది పాటు వీరప్ప టెస్ట్ బెడ్‌కే ఇచ్చింది. వారానికి ఒక విడత. ఏ రోజో ఒప్పందంలోనే రాశారు. మోహన్‌రాజ్‌ను పర్మినెంట్ చేశారు. పోత పని ఆగిపోవడంతో మాదేశ్‌ను నెలాఖరుకు పంపించేశారు. ఆ తర్వాతి నెల నందితను విడిభాగాల గోడౌనుకు మార్చారు.

జూన్ 11న ఉదయం 7 గంటల 20 నిమిషాలకు రాయకోట మిట్ట మీద మామిడికాయల వ్యాన్ ఒకటి సగంలో ఆగింది. ముందుకు పోలేదు. డ్రైవరు చక్రాల కింద రాళ్లు పెట్టి కాయలను రెండు ట్రాక్టర్లకు మార్పించాడు. క్యాబిన్‌లో ఉన్న పరీక్ష పత్రంలో టార్క్ 112 అని ఉంది. గాలి వేడి 68. కింద ఆపరేటర్ సంతకం మోహన్‌రాజ్‌ది.