ఏమండీ అన్నదెవరు?

"ఏమండీ."

పిలుపు మెత్తగా మొదలై, చివర కాస్త సాగి, మెట్ల మలుపు దాకా దిగి వచ్చింది. కింది గుమ్మం బయట అద్దాలాయన, ప్రహరీకి ఆనించిన ఒక నిలువెత్తు అద్దానికి గోనెపట్టా చుడుతున్నాడు. వీధి చివరి దర్జీ దుకాణం తెరిచేలోగా ఆ అద్దాన్ని అక్కడి గోడకు బిగించి రావాలన్నది ఆ ఉదయం అతని ఏర్పాటు. పిలుపు చెవిన పడగానే పట్టా చేతిలోంచి జారిపోయింది. ముఖం మీదికి మూడు రోజులుగా లేని వెలుగు వచ్చింది.

మూడు రోజుల కిందట అతని ఇల్లాలు "కర్టెన్లు ఎలా ఉన్నాయి?" అని అడిగింది. "ఏ కర్టెన్లు?" అన్నాడతను. అవి అప్పటికే వారంగా అతని ముక్కు ముందు వేలాడుతున్నాయి. రంగైనా కంటికి ఆననిది కాదు, నిండు చిలకపచ్చ. ఊరందరి అద్దాలూ తుడిచి తుడిచి మీ కళ్లు అరిగిపోయాయని ఆమె అంది. అయితే నాతో మాట్లాడకని అతను అన్నాడు. ముందు నోరు విప్పినవాళ్లు ఓడినట్టేనని ఆమె తేల్చింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. రోజూ విసుక్కుంటూ విన్న ఆ 'ఏమండీ' కరువై, అతనికి అన్నం సయించడం మానేసింది. అయినా ఓడడానికి మనసు రాలేదు.

ఇప్పుడు ఆమే పిలిచింది. 'పాపం, ఓడిపోయింది' అనుకుంటూ, గెలిచినవాడి జాలితో, రెండేసి మెట్లు ఎక్కి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఎందుకు పిలిచావని అడగవచ్చు. కానీ అడిగితే మాట్లాడినట్టవుతుంది. అందుకని కనుబొమలు మాత్రం ఎగరేశాడు. రాజీకి వచ్చాడనుకుని ఆమె పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, అతని మాట కోసం ఎదురుచూసింది. ఆమె మాట కోసం అతను ఎదురుచూశాడు. ఈలోగా పాలు పొంగాయి. ఇద్దరికీ కోపం వచ్చింది. అతను దిగిపోయాడు.

కింది మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, మళ్లీ.

"ఏమండీ... ఏమండీ."

ఈసారి తొందర కూడా వినిపించింది. మళ్లీ ఎక్కాడు. తన చెవిని చూపించి, ఆమెను చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నువ్వు పిలిచావు, నేను విన్నాను, వచ్చాను అని దాని భావం. ఆమె కంగారుగా లోపలికి వెళ్లి, చెవిలో వేసే మందుసీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఏం చెయ్యాలో పాలుపోక అతను రెండు చుక్కలు వేసుకుని దిగాడు.

కింద మందుల షాపాయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో, తన వాటా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని వెనకే అతని భార్య.

"నువ్వు పిలవలేదూ?" అంటున్నాడాయన.

"మీ పక్కనే ఉండి పిలవడమేంటి? అంత తియ్యగా నేనెప్పుడైనా పిలిచానా? అది పైనావిడ గొంతు."

"పైనావిడ నన్నెందుకు పిలుస్తుందే?"

"అదే నేనూ అడుగుతున్నా." ఆమె అద్దాలాయన వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, వదినకి ఏం కావాలో కాస్త కనుక్కోండి."

"నాతో మాట్లాడ్డం లేదమ్మా."

"మీతో మాట్లాడకుండా మా ఆయనతోనా?"

ఎదురు గది తలుపు ఓరగా తెరుచుకుంది. అందులో ఉండే బ్రహ్మచారి గుమస్తా తల బయటపెట్టి, "నన్నాండీ?" అని ఆశగా అడిగాడు. ఆ 'ఏమండీ'కి చిరునామా లేకపోవడం ఎంత ప్రమాదమో అద్దాలాయనకు అప్పుడే తోచింది. మూడు రోజులుగా తనకు దక్కని పిలుపు, పక్కవాళ్లందరికీ ధారాళంగా అందుతోందా? అతని తల తిరిగింది. తిరిగిన తల, ప్రహరీకి ఆనించిన అద్దం దగ్గర ఆగింది.

పట్టా జారిన అద్దం ముందు పచ్చగా ఏదో కదులుతోంది. ఎవరెవరి పంజరాల్లోంచో ఏనాడో తప్పించుకుని, ఊరినే అడవి చేసుకుని, వీధి చెట్టు మీద కాపురం పెట్టిన చిలకల గుంపులోది. అది మెడ వాల్చి, అద్దంలోని తన జతను చూసి, "ఏమండీ" అంది. జవాబు లేదు. "ఏమండీ" అని రెండోసారి, ఇల్లాలి విసుగు ఒక్క పిసరు కూడా తగ్గకుండా అంది.

"చిలకా!" అంది మందుల షాపాయన భార్య.

ఆ చెట్టు సరిగ్గా పై వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది. ఇంట్లో కొరత పడిన సరుకు చెట్టు మీద దొరుకుతోందన్నమాట. గుమస్తా నిట్టూర్చి తలుపు వేసుకున్నాడు. భార్య ఇంకా ఏమైనా అడుగుతుందేమోనన్న భయంతో మందుల షాపాయన నురగ కూడా కడుక్కోకుండా వచ్చి, "పదండి, ఓ చెయ్యి వేస్తా" అని అద్దం రెండో కొస పట్టుకున్నాడు.

అద్దాలాయన ముందు, వెనక్కి నడుస్తూ. మందుల షాపాయన వెనక, నురగ కళ్లలోకి కారి, కళ్లు మూసుకుని. వీధి మధ్య నీళ్ల గొట్టం కోసం తవ్విన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది.

"ఏమండీ."

"చిలకే" అన్నాడు మందుల షాపాయన.

"తెలుసు. ఇక తలెత్తి చూస్తే ఒట్టు."

"ఏమండీ, గొయ్యి!"

"గొయ్యి అనడం కూడా నేర్చిందే" అని మెచ్చుకుంటూ అద్దాలాయన మరో అడుగు వెనక్కి వేశాడు.

అప్పుడు వినిపించింది, పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట ఒక్కసారైనా పలకని మాట. అతని పేరు. పొట్టి చెయ్యకుండా, గౌరవాలు తగిలించకుండా, వీధి వీధంతా వినేలా. చెట్టు మీది గోల కూడా ఠక్కున ఆగింది. అద్దాలాయన ఒక మడమ గాలిలో ఉండగా నిలిచిపోయాడు.

మెల్లగా అద్దాన్ని దించి, కాస్త వాల్చాడు. అందులో పై కిటికీ కనిపించింది. కిటికీలో ఆమె, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆమెకు అటూ ఇటూ గాలికి ఊగుతూ చిలకపచ్చ.

"కర్టెన్లు బావున్నాయి" అన్నాడు అద్దంతో.

"నేనే ఓడిపోయాను కదూ?" అంది ఆమె.

"నువ్వెక్కడ మాట్లాడావు? అది చిలక."

"చిలకకి మీ పేరెలా తెలుస్తుందండీ?"

"నేర్చుకుంటుందిలే."

నేర్చుకుంది. మర్నాడు పొద్దున్నే చెట్టు చెట్టంతా, 'గారు' అన్న మర్యాదైనా లేకుండా, ఆమె గొంతుతో పిలిచింది.

"సుబోధరావ్."