తుమ్మిన పిట్ట

ఆ శనివారం ఉదయం దోన్ అర్నోబియో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఐదున్నరకు కాఫీ. ఆరింటికి కొండ మీద పక్షుల క్లబ్బు సమావేశం. కొత్తగా వచ్చిన రెండు పక్షుల పుస్తకాల్లో ఏది గొప్పదో తేల్చడం. తొమ్మిదింటికి రాజధాని బొగొతా నుంచి వచ్చే ప్రొఫెసర్ ఉమన్యాకు ఆ తీర్పు వినిపించి, పదింటికల్లా ఆయనను టిఫినుకు ఇంటికి తీసుకురావడం. ఇందులో బ్యాండు మేళం గానీ, బహిరంగ క్షమాపణ గానీ ఎక్కడా లేవు.

మా ఊరు ఎల్ ముస్గో కాఫీ తోటలకు పైన, మంచు మొదలయ్యే చోట ఉంటుంది. ఇళ్లు నూట నలభై, పిట్టల జాతులు మూడు వందల పన్నెండు. ఈ రెండో లెక్క చెప్పకుండా మావాళ్లు కొత్తమనిషికి దారి కూడా చూపించరు. లెక్క కట్టింది దోన్ అర్నోబియోనే. ముప్పై ఏళ్లు సర్వేయరుగా ఊళ్ల హద్దులు కొలిచి, రిటైరయ్యాక పిట్టల వెంట పడి, క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు. డెబ్బై ఒకటో ఏట కూడా బైనాక్యులర్స్ మెడలో లేనిదే బయటికి రాడు. చర్చికి కూడా అలాగే వెళతాడు.

ఆ ఏడాది ఒకే నెలలో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి ప్రొఫెసర్ ఉమన్యా రాసిన లావు పుస్తకం. క్లబ్బు ఉపాధ్యక్షురాలు దోన్యా లిగియాకు మందుల షాపు ఉంది. అక్కడ చంటిపిల్లలను తూచే త్రాసు మీద పెడితే ఆ పుస్తకం మూడు కిలోల రెండు వందలు తూగింది. బిడ్డ ఆరోగ్యంగా ఉందని ఆవిడ అంది. రెండోది ముగ్గురు కుర్రవాళ్లు కలిసి రాసిన సన్న పుస్తకం, చొక్కా జేబులో పడుతుంది. లావుదాన్ని వానలో బయటికి తీయలేం, సన్నదాన్ని కళ్లజోడు లేకుండా చదవలేం. లావుదాంట్లో బొమ్మలు ప్రాణం పోసినట్టుంటాయి, సన్నదాంట్లో ఆడపిట్టలను కూడా మరిచిపోకుండా వేశారు. నాలుగు వారాలుగా క్లబ్బు రెండుగా చీలిపోయి వాదించుకుంటోంది.

అసలు గొడవ మాత్రం ఒక్క పేజీ దగ్గరే. బూడిదరొమ్ము నేలపిట్ట అని ఒక పక్షి ఉంది. కోడిగుడ్డుకు పొడుగు కాళ్లు తగిలించినట్టుంటుంది, తోక ఉన్నా లేనట్టే. చీకటి పొదల కింద నేల మీద గెంతుతూ, మూడు ఈలలు వేసి మాయమవుతుంది. దాని ఈల మా కొండ మీద విన్నానని దోన్ అర్నోబియో తొమ్మిదేళ్లుగా రాజధానికి ఉత్తరాలు రాస్తున్నాడు. కళ్లతో మాత్రం ఒక్కసారీ చూడలేదు. లావు పుస్తకం మ్యాపులో ఆ పిట్ట ఉండే చోటుకు వేసిన రంగు కిందనున్న నది దగ్గరే ఆగిపోయింది. సన్న పుస్తకం మ్యాపులో సరిగ్గా మా ఊరి మీద ఒక ప్రశ్నార్థకం ఉంది.

"ప్రశ్న వేశారంటే కనీసం ఆలోచించారని కదా అర్థం," అంది దోన్యా లిగియా.

"ఖాళీగా వదిలేసినవాడు తెలియక వదిలేశాడు, వాణ్ని క్షమిస్తాను," అన్నాడు దోన్ అర్నోబియో. "ప్రశ్నార్థకం పెట్టినవాడు నన్ను అబద్ధాలకోరు అంటున్నాడు. ఆ ప్రశ్నార్థకం ఊరి మీద లేదమ్మా, నా నెత్తి మీద ఉంది."

అప్పటినుంచి ఆయన సన్న పుస్తకంలో ఆ పేజీ తెరవలేదు. దోన్యా లిగియా మణికట్టు నొప్పి అని లావు పుస్తకాన్ని ముట్టుకోలేదు. ప్రొఫెసర్ వస్తున్నది తన పుస్తకానికి తప్పొప్పులు సరిచూసుకోవడానికే. సోమవారం దిద్దుబాట్లన్నీ ప్రెస్సుకు వెళ్లిపోతాయి, ఆ తరువాతి ముద్రణ పదేళ్లకు గానీ ఉండదు. పదేళ్లంటే ఎనభై ఒకటి. ఆ లెక్క దోన్ అర్నోబియో పైకి ఎవరితోనూ అనలేదు.

తెల్లవారుజామున ఆయన బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే భార్య రుబియేలా వంటింట్లోంచి పలకరించింది. పదకొండు మందికి అరేపాలు, అంటే మా మొక్కజొన్న రొట్టెలు, కాల్చాలని అప్పటికే పిండి కలుపుతోంది.

"ఎరువు కుప్ప దగ్గరికి ఆ బొద్దుది నిన్న కూడా వచ్చింది ప్రెసిడెంటు గారూ. ఇవాళైనా కాస్త ఉండి చూడరాదూ?"

"కోడిపిల్ల అయ్యుంటుందే," అని ఆయన వెళ్లిపోయాడు.

కొండ మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కమనిషి ముక్కు కనిపించలేదు. మధ్యలో లోయ. అటు తూర్పు గట్టు మీద దోన్యా లిగియా, ఇటు పడమటి గట్టు మీద దోన్ అర్నోబియో నిలబడాలని, పిట్ట ఎటు కూసినా పుస్తకాలు రెండింటితో సరిచూడాలని ఏర్పాటు. మిగతావాళ్లు కింద బెంచీల దగ్గర. అరగంట గడిచింది. ఏ పిట్టా కూయలేదు.

ఇక్కడ క్లబ్బు మొదటి నిబంధన చెప్పుకోవాలి. రికార్డు చేసిన కూతలు వినిపించి పిట్టలను మోసం చేయరాదు, చేసినవారికి ఏడాది బహిష్కరణ. ఇది రాసింది దోన్ అర్నోబియో. అందంగా రాసి, ఫ్రేము కట్టించి, తన డబ్బులతోనే మేకు కొట్టించాడు. ఆయనే ఆ ఉదయం ఏడు గంటలకు లావు పుస్తకం తెరిచి, నేలపిట్ట పక్కనున్న, దాని కూత వినిపించే క్యూఆర్ కోడ్‌కు ఫోను చూపించాడు. దాన్ని ఫెర్న్ మొక్కల మధ్య పెట్టి ఇరవై అడుగులు వెనక్కి వెళ్లాడు. ఒక్కసారే, నిజం పిట్టను లేపడానికే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

మంచులో మూడు ఈలలు మోగాయి. ఆ వెంటనే ఎక్కడో ఒక తుమ్ము. మంచులో శబ్దం ఎటునుంచి వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, దోన్యా లిగియాకు జలుబు చేసిందనుకున్నాడు. అవతలి గట్టున దోన్యా లిగియా గుండె ఆగినంత పనైంది. పిట్ట! తుమ్ము మాత్రం దోన్ అర్నోబియోది అయ్యుంటుంది, పాపం, ఈ వయసులో ఈ చలి. అది ఎగిరిపోకముందే దగ్గరికి రప్పించాలని ఆవిడ సన్న పుస్తకం తీసి, శాలువా చాటున ఫోను పెట్టి, దాంట్లోని కూత వినిపించింది.

దోన్ అర్నోబియోకు లోయ అవతలి నుంచి జవాబు వచ్చింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్ల తరువాత పిట్ట ఆయన మాటకు బదులు పలికింది. ఆయన మళ్లీ ఫోను మోగించాడు, ఆవిడా మోగించింది. ముప్పావు గంటసేపు ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు ఈలలు వేసుకున్నారు.

మధ్యలో ఇద్దరూ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో రాశారు. ఆయన తూర్పున ఒకటి అన్నాడు, ఆవిడ పడమట ఒకటి అంది. రెండూ కలిపి చదివినవాళ్లు జంట అన్నారు. క్లబ్బు కార్యదర్శి మా ఊరి ఫాదర్ గిల్దార్దో. ఆయన మంచి మనిషే గానీ, చేతిలో మైకు ఉంటే నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దుటి పూజ చివర జంట అన్న మాట లౌడ్‌స్పీకర్‌లో చెప్పాడు. జంట అంటే గూడు, గూడంటే పిల్లలు అని వినేవాళ్లు తలా ఒక మెట్టు ఎక్కించారు. ఎనిమిదిన్నరకు కొండ మీద మూడు వందల మంది తేలారు. విల్లీస్ జీపుల్లో పక్క ఊరి జనం దిగారు. అరేపాల బండి వచ్చింది. వెనకాలే మునిసిపాలిటీ బ్యాండు వచ్చింది. "బూడిదరొమ్ము నేలపిట్టల రాజధానికి స్వాగతం" అని బట్ట మీద రాయించి చెట్లకు కట్టారు. రంగు ఇంకా ఆరలేదు. ఫాదర్ చర్చి లౌడ్‌స్పీకర్ కూడా పైకి మోయించాడు.

అప్పుడు ప్రొఫెసర్ ఉమన్యా జీపు దిగాడు. ఎండుకట్టెలాంటి మనిషి, మెత్తని గొంతు. స్వాగత గీతం అయ్యేదాకా టోపీ తీసి నిలబడ్డాడు. దోన్ అర్నోబియో ఛాతీ విరుచుకుని ముందుకొచ్చి, సార్, ఇప్పుడు ఆ ఖాళీ సంగతి తేల్చండి అన్నాడు. ఊరంతా వింటోంది. ఆ మాట అనడానికే ఆయన తొమ్మిదేళ్లు బతికాడంటే అతిశయోక్తి కాదు.

ఇంతమంది మధ్య పిట్ట ఎలాగూ కూయదని దోన్యా లిగియా ముందుచూపుతో దాని కూతను తన ఫోనులో రికార్డు చేసి ఉంచింది. ఫాదర్ ఆ ఫోనును మైకు దగ్గర పెట్టాడు. కొండ మీద మూడు ఈలలు మోగాయి. జనం చప్పట్లు కొట్టబోయారు. అంతలో తుమ్ము మోగింది.

ప్రొఫెసర్ మళ్లీ వేయమన్నాడు. మళ్లీ మూడు ఈలలు, మళ్లీ తుమ్ము.

"ఈ తుమ్ము నాది," అన్నాడు ప్రొఫెసర్ మెల్లగా. "పదకొండేళ్ల కిందట దక్షిణాన, వానలో, రెండు రోజులు కూర్చుని ఈ కూత రికార్డు చేశాను. అప్పుడు నాకు జలుబు. ఇంకో రికార్డు దొరకలేదు, దాన్నే పుస్తకానికి ఇచ్చేశాను."

మైకు నడుస్తూనే ఉంది. లోయలో అరటి తోటల్లో పనిచేస్తున్నవాళ్లు కూడా ఆ మాట విన్నారు. దోన్ అర్నోబియో ముఖం ముందు ఎర్రబడి, తరువాత పాలిపోయింది. కావాలంటే పిట్టే తుమ్మిందని వాదించి ఉండవచ్చు, మా ఊళ్లో ఆయన వైపు నిలబడేవాళ్లు ఉన్నారు. ఆయన వాదించలేదు. చొక్కాకున్న అధ్యక్షుడి బిళ్ల తీసి ఫాదర్ చేతిలో పెట్టాడు.

"మొదటి కూత నాదే. నిబంధన నేనే రాశాను, నేనే తప్పాను. కానీ సార్, అవతలి నుంచి జవాబు వచ్చింది. అది మాత్రం నిజం."

దోన్యా లిగియా శాలువా సర్దుకుంది. ఆవిడకూ పౌరుషం ఉంది.

"జవాబు నాది," అంది.

బ్యాండువాళ్లు తెలివైనవాళ్లు, అడగకుండానే వాయిద్యాలు సంచుల్లో పెట్టేసుకున్నారు. ప్రొఫెసర్ తన నోటుపుస్తకం మూసేశాడు. జనం చెదిరిపోతుంటే బట్ట మీది అక్షరాలు ఇంకా ఆరుతూనే ఉన్నాయి. అయినా టిఫినుకు పిలిచిన మనిషిని ఆకలితో పంపడం మా ఊళ్లో లేదు. ఆయనను తీసుకుని దోన్ అర్నోబియో, దోన్యా లిగియా, ఫాదర్ కొండ దిగారు. దారిలో దోన్ అర్నోబియో మాట్లాడిందల్లా ఒక్కటే, మన ఊరికి ఆ ప్రశ్నార్థకం కూడా ఎక్కువేనని.

ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద చాక్లెట్ పాలు మరుగుతున్నాయి, రుబియేలా లేదు. వెనక తలుపు తీసి ఉంది. బయట ఎరువు కుప్ప పక్కన ఆమె డబ్బాతో చతికిలబడి కూర్చుని ఉంది. అలికిడికి వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఆగమంది.

"బెర్నాబే," అని పిలిచింది. "రా నాయనా, ఆలస్యమైంది. ఇవాళ ఇంటికి చుట్టాలొచ్చారు."

అరటి ఆకుల కింద నుంచి కోడిగుడ్డుకు కాళ్లొచ్చినట్టు ఒక పిట్ట గెంతుకుంటూ వచ్చింది. బూడిద రంగు రొమ్ము. ఆమె వేళ్ల మధ్య నుంచి వానపామును తీసుకుంది, తల పక్కకు వంచి నలుగురినీ చూసింది. మూడు ఈలలు వేసింది. తుమ్మలేదు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ప్రొఫెసర్ నేల మీద కూలబడ్డాడు. ఎన్నాళ్లుగా వస్తోందని గుసగుసగా అడిగాడు. రెండేళ్లుగా, రోజూ తొమ్మిదిన్నరకు, ఆదివారం కాస్త ఆలస్యంగా అని ఆమె చెప్పింది. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదన్నాడు.

"ప్రెసిడెంటు గారికి మొదటి రోజే చెప్పాను. పద్నాలుగు ప్రశ్నల కాగితం ఇచ్చి నింపమన్నారు. కనుబొమ ఉందా, కాళ్ల రంగేమిటి, గాలి ఎటు వీస్తోంది అని. చేతులకు పిండి ఉంది, తరువాత నింపుతానన్నాను. వంటింట్లోంచి చూసినవి లెక్కలోకి రావన్నారు."

దోన్ అర్నోబియో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ప్రొఫెసర్ నోటుపుస్తకం మళ్లీ తెరిచి, చూసినవారి పేరు చెప్పమన్నాడు. రుబియేలా చేతులు తుడుచుకుంటుంటే దోన్ అర్నోబియోనే ముందుకొచ్చాడు. ఆమె పూర్తి పేరు, పుట్టింటి పేరుతో సహా చెప్పాడు. ఎరువు కుప్ప అక్షాంశాలూ రేఖాంశాలూ సర్వేయరు పద్ధతిలో, పొల్లుపోకుండా చెప్పాడు. ముప్పై ఏళ్లలో ఎన్ని హద్దురాళ్లు పాతించినా ఆయనకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

"నా భార్య," అన్నాడు చివర, ఎవరూ అడక్కపోయినా.

పుస్తకాల మీద తీర్పు కూడా ఆమెనే అడిగారు. లావుదే మేలంది. సన్నదాన్ని పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి, లావుది తెరిచి బల్ల మీద పెడితే అలాగే ఉంటుంది, తన చేతుల నిండా వానపాములు కదా. కాకపోతే బొమ్మలో కాళ్ల రంగు తప్పు, బెర్నాబే కాళ్లు నీలం. ప్రొఫెసర్ అదీ రాసుకున్నాడు.

నిబంధన ప్రకారం అధ్యక్షుణ్నీ ఉపాధ్యక్షురాలినీ ఏడాది బహిష్కరించారు. కొత్త ముద్రణ మ్యాపులో మాత్రం మా ఊరి మీద రంగు పడింది, కింద రుబియేలా పేరు పడింది. దోన్ అర్నోబియో ఆ పుస్తకానికి గుడ్డ అట్ట వేసి, వచ్చినవాళ్లందరికీ ఆ పేజీ తీసి చూపిస్తున్నాడు. ఇప్పుడు దారి చెప్పేముందు మావాళ్లు మూడు వందల పన్నెండు అనరు, మూడు వందల పదమూడు అంటారు.

మొన్నొక ఉదయం ఆయన వెనక వాకిట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎరువు కుప్ప దగ్గర ఇంకోటి ఉంది, బెర్నాబే కాదు, కొత్త జాతి కావచ్చు అన్నాడు. రుబియేలా పిండి మీంచి తల ఎత్తలేదు.

"కోడిపిల్ల అయ్యుంటుంది," అంది.

ఆయన బైనాక్యులర్స్ తీసుకుని వెళ్లి, గంటసేపు గమనించి, పద్నాలుగు ప్రశ్నల కాగితం నింపి వచ్చాడు. కోడిపిల్లే.