వెలిగారం డబ్బా

"ఆ డబ్బా ఉప్పు పక్కన ఉండటానికి వీల్లేదు మామయ్యా. ఎవరైనా పొరపాటున కూరలో వేస్తే మనందరి పని అయిపోతుంది."

"నా కొట్లో ఇన్నేళ్లుంది. ఎవరైనా పోయారా?"

"కొట్లో మీరు వంట చేయలేదుగా!"

వారం రోజులుగా సాగుతున్న వాదన ఆ ఉదయం కాఫీల దగ్గర మళ్లీ అందుకుంది. కోడలి మాట న్యాయమైనదేనని పెద్దాయనకూ తెలుసు. కానీ కంసాలి కొట్టు మూసేశాక పనిముట్లన్నీ అటకెక్కాయి. కళ్లెదుట మిగిలింది నగలు అతికేటప్పుడు వాడే ఆ వెలిగారం డబ్బా ఒక్కటే. మూత తీస్తే చాలు, కొట్టంతా కళ్లముందుకు వచ్చేది. మంట తగలగానే పొడి తెల్లగా పొంగడం, తర్వాత గాజులా కరగడం, దాని వెంటే టంకం జరజరా పాకడం.

"సాయంత్రానికి తీయకపోతే నేనే పారేస్తా," అంది కోడలు.

"ఇంటికి పనికొస్తుందని చూపిస్తే?"

"చూపించండి, చూద్దాం!"

"కూరలో తప్ప అన్నిట్లోనూ వేసి చూపించారు లెండి," అంది ఆయన భార్య.

కాసేపటికి పెద్దాయన స్నానాలగదిలోకి తొంగిచూశాడు. కొడుకు మర్నాటి మీటింగుకు వేసుకోవాల్సిన తెల్లచొక్కా, మరికొన్ని బట్టలతో పాటు బకెట్లో నానుతోంది. నీళ్లు పాలలా ఉన్నాయి. గంజికి బదులు సీసాలో అమ్మే తెల్లటి జిగురును కోడలు అందులో ధారాళంగా ఒంపి, ఫోన్ మోగితే వెళ్లింది. ఆయనేమో ఉప్పునీళ్లకు సబ్బు విరిగిందనుకున్నాడు. వెలిగారం అలాంటి నీటిని దారికి తెస్తుంది, బట్టను తెల్లబరుస్తుంది. అంతవరకూ ఆయన లెక్క సరైనదే. గుప్పెడు వేసి కర్రతో తిప్పాడు. కర్ర బిగుసుకుంది. చాల్లేదనుకుని ఇంకో గుప్పెడు వేశాడు.

కోడలు వచ్చి చొక్కా కాలరు పట్టుకుని ఎత్తింది. చొక్కాతో పాటు బట్టలన్నీ బకెట్ ఆకారంలో తొణుకుతూ పైకొచ్చాయి.

"ఏం కలిపారు మామయ్యా?"

"నువ్వేం కలిపావమ్మా?"

ఆ జిగురూ వెలిగారమూ కలిస్తే రబ్బరు ముద్దవుతుందని ఇద్దరికీ తెలియదు.

కేకలు విని కొడుకు పరిగెత్తుకొచ్చి చొక్కా చేతుల్లో ఒకదాన్ని లాగాడు. కోడలు రెండోది లాగింది. ఇద్దరి మధ్యా చొక్కా రబ్బరులా సాగింది. కొడుకు పట్టు జారగానే అది ఎగిరొచ్చి కోడలి మెడకు చుట్టుకుంది. విదిలించుకోబోతే గొలుసు పుటుక్కున తెగింది. ముద్ద జారి తూములో కూర్చుంది. బకెట్ మీద విప్పి ఉన్న పంపు కట్టాలని ఎవరికీ తోచలేదు. నీళ్లు నింపాదిగా హాల్లోకి నడిచాయి.

ఆయనకు వెలిగారం ఎలాగో ఆయన భార్యకు వెనిగర్ అలాగ. ఇంట్లో ఏది పాడైనా అదే విరుగుడు. సీసా తెచ్చి గుమ్మరించింది. ముద్ద చూస్తుండగానే నీరుగారిపోయింది. ఆవిడ ఖాళీ సీసాను ఆయన కంటికి ఆనేచోట పెట్టింది.

పెద్దాయన డబ్బా తీసుకుని చెత్తబుట్ట వైపు కదిలాడు.

"ఆగండి," అంది కోడలు. అరచేతిలో తెగిన గొలుసు. ఆమె ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఆయనే చేసిచ్చాడు. "దీన్ని వేరే ఎవరి చేతా అతికించను."

కొడుకు అటకెక్కి దీపం, ఊదుగొట్టం దించాడు. పెద్దాయన రాతిమీద వెలిగారం నీళ్లతో నూరి, తెగినచోట రాసి, టంకం ముక్క పెట్టి మంట ఊదాడు.

"అలా పొంగుతోందేంటి మామయ్యా?"

"అందులో నీళ్లుంటాయమ్మా, అవి పోతున్నాయి. ఇప్పుడు కరుగుతుంది చూడు. గాలి తగలనివ్వదు, మకిలి పట్టనివ్వదు. టంకానికి దారి చూపించి తను తప్పుకుంటుంది."

టంకం తళుక్కున పాకింది. ఆయన భార్య, కొట్టు వాసన వచ్చిందని కాబోలు, మెల్లిగా వచ్చి పక్కన కూర్చుంది.

రాత్రి భోజనాల దగ్గర కోడలు తలెత్తకుండానే అంది: "కిటికీ దగ్గర బల్ల ఖాళీ చేశాను. రేపటి నుంచి అది మామయ్యది. డబ్బా అక్కడే ఉంటుంది. వంటింట్లోకి రాదు, స్నానాలగదిలోకి అసలే రాదు."

పెద్దాయన కూరగిన్నె ఆమె వైపు జరిపాడు.

మర్నాడు కొడుకు మీటింగుకు చారలచొక్కాలో వెళ్లాడు. తెల్లచొక్కా మాత్రం జిగురు ఎండి బిగిసి, పెరట్లో ఎవరి ఆసరా లేకుండా నిలబడి ఉంది.