మంత్రిగారు వచ్చిన రోజు మాడిన సాసేజ్ కూర

"ఈ క్లబ్‌హౌస్ సురక్షితమైన చేతుల్లో ఉంది!" అని మానసిక ఆరోగ్యశాఖ మంత్రి క్లైవ్ పెండర్‌లీగారు టీవీ కెమెరా ముందు ప్రకటిస్తున్న సమయంలో, ఆయన వెనక వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ వస్తోంది.

ఆయన వెనక్కి తిరగలేదు. ముందుచూపు గల నాయకుడు. ఏప్రన్ కట్టుకుని, చేతిలో గరిటె ఊపుతూ, టూవుంబా పట్టణ ప్రజలకు భరోసా ఇస్తూనే ఉన్నారు.

లోపల అలారం మోగింది. ఫైరింజన్ వచ్చింది. అదృష్టవశాత్తూ మంటలేవీ లేవు. నలభై మంది కోసం వండుతున్న సాసేజ్ కూర మాత్రం బొగ్గయింది.

మంత్రిగారి సలహాదారు బ్రాన్విన్ లోపలికి దూసుకొచ్చింది. రిసెప్షన్‌లో టై కట్టుకుని కూర్చున్న నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది.

"హమ్మయ్య, డైరెక్టర్ మీరేగా? త్వరగా చెప్పండి, వీళ్లలో పేషెంట్లు ఎవరు?"

"ఇక్కడ పేషెంట్లు ఉండరు. మెంబర్లుంటారు. నేనొకణ్ణి. ఆసుపత్రి నుంచి వచ్చి ఆరేళ్లయింది."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"మరి ఆ కిటికీ దగ్గర తనలో తను మాట్లాడుకుంటున్న మనిషి?"

"డెస్మండ్. మా డైరెక్టర్. రేపటి బంగాళాదుంపలు లెక్కేసుకుంటున్నాడు."

"ఆ బల్ల కింద పడుకున్నాయన?"

"మీ ఫొటోగ్రాఫర్. లెన్స్ మూత పోయిందట."

ఆమె తప్పేం లేదు. క్లబ్‌హౌస్ అంటే మాకు ఇల్లే. మా ఇంట్లో బ్యాడ్జీల్లేవు, హోదాల్లేవు. మానసిక జబ్బునుంచి కోలుకుంటున్న మేమూ, జీతాలు తీసుకునే ఇద్దరు ముగ్గురూ కలిసి పని చేస్తాం. అందరికీ పేర్లే. గడప దాటినవాళ్లు ఎవరైనా సరే, ఊరికే నిలబడితే ఒప్పుకోం. ఏదో ఒక పని అప్పగిస్తాం. ఆ ఉదయం మంత్రిగారు కూడా సంతోషంగా ఏప్రన్ కట్టించుకున్నారు. ఫొటోలు చాలా బాగా వచ్చాయి. మంటలార్పడానికి వచ్చిన ఫైర్ ఆఫీసరు అప్పటికే క్యారెట్లు తరుగుతున్నాడు.

బ్రాన్విన్ వంటింట్లోకి వెళ్లింది. మేవిస్ మాడిన గిన్నె తోముతోంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మేవిస్ చేతికి ప్లాస్టిక్ చెంచా తప్ప మరొకటి ఇవ్వలేదు. ఇక్కడికి వచ్చాక ఆ పెద్ద స్టవ్ అప్పగించాం. అప్పట్నుంచి ఆమె మళ్లీ వార్డు మొహం చూడలేదు.

"స్టవ్ దగ్గర ఎవరున్నారు?" అని గద్దించింది బ్రాన్విన్.

"మీటింగులో చెప్తాలే తల్లీ."

"ఇప్పుడే చెప్పు!"

"మనిషి ఎదురుగా లేనప్పుడు ఆ మనిషి తప్పు చెప్పం. మా గురించి మా వెనకాల చాలామంది చాలా ఏళ్లు మాట్లాడుకున్నారు. ఆ పని మేం చెయ్యం."

"అయితే సాయంత్రానికి ఈ స్టవ్ పీకించేస్తాం. రేపట్నుంచి సీలు వేసిన శాండ్‌విచ్‌లు వస్తాయి. భద్రత విషయంలో మంత్రిగారు రాజీపడరు."

మేవిస్ చేతిలో పీచు ఆగిపోయింది.

"ఎవరు చేశారో తేలితే?"

"ఆ ఒక్కర్నీ దూరం పెడతాం. స్టవ్ జోలికి రాం. ఇది మంత్రిగారి మాట."

వెంటనే మీటింగు పెట్టాం. కుర్చీలు గుండ్రంగా వేసుకుని అందరం కూర్చున్నాం.

"ఊఁ, చెప్పండి. ఎవరు?" అంది బ్రాన్విన్.

డెస్మండ్ వేలితో అందర్నీ లెక్కపెట్టాడు. "ఒకరు తక్కువ."

"ఎవరా ఒకరు?"

"వస్తే చెప్తాం."

"పిలవండి మరి!"

"పిలిచాం. బయట బిజీగా ఉన్నాడట."

"అంటే పరారీలో ఉన్నాడన్నమాట! అయితే వాడు దొరికేదాకా మంత్రిగార్ని లోపలికి రానిచ్చేది లేదు. ఆయన భద్రత నా బాధ్యత."

అక్కడ ముడి పడింది. ఆ మనిషి వస్తేగానీ మేం పేరు చెప్పం. మేం పేరు చెప్తేగానీ ఆమె మంత్రిగార్ని రానివ్వదు. ఫైర్ ఆఫీసరు క్యారెట్లు ముగించి ఉల్లిపాయలు అందుకున్నాడు. ఖాళీగా నిలబడిందని బ్రాన్విన్‌కి ఫోన్లెత్తే పని అప్పగించాం. పాపం, బాగానే ఎత్తింది.

చివరికి ముడి విప్పింది మంత్రిగారే. మీటింగును లైవ్‌లో చూపిస్తామని టీవీవాళ్లు అనడమే ఆలస్యం, ప్రాణాలు సైతం లెక్కచెయ్యకుండా లోపలికి వచ్చేశారు. మిగిలి ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నారు.

"ఎంతటివాళ్లయినా వదలను!" అని ఉరిమారు. "అప్పగించిన పని గాలికొదిలేసి పోయిన ఆ బాధ్యతలేని మనిషి, ఈ రాష్ట్రంలో ఇంకెప్పుడూ ఇంకొకరి బాగోగులు చూసే పనిలో ఉండకూడదు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి!"

అందరికంటే ముందు ఆయన చెయ్యే లేచింది, గరిటెతో సహా.

మా ఇంట్లో ఒక్కరు కాదన్నా తీర్మానం చెల్లదు. ఏ రకం బిస్కెట్లు కొనాలన్న విషయం మీద మూడు వారాలుగా కొట్టుకుంటున్నాం. ఆ రోజు మాత్రం ఎత్తని చెయ్యి లేదు. ఇంతటి ఐకమత్యం ఒక్క మంత్రిగారివల్లే సాధ్యమైంది.

"స్టవ్ ఉంటుందిగా?" అని అడిగింది మేవిస్.

"ఉంటుంది! ప్రజల సాక్షిగా మాటిస్తున్నా!" అన్నారాయన కెమెరాలోకి చూస్తూ.

మేవిస్ లేచి నిలబడింది. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"డెస్మండ్, ఇప్పుడు అందరూ ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

బ్రాన్విన్ పెన్ను తీసింది. "పేరు?"

"క్లైవ్."

"ఇంటిపేరు?" అంది బ్రాన్విన్, తలెత్తకుండా రాసుకుంటూ.

కెమెరా మెల్లగా గరిటె వైపు తిరిగింది.

"పెండర్‌లీ అనుకుంటా తల్లీ," అంది మేవిస్. "ఎక్కడో మంత్రిగా పని చేస్తున్నాడట."