గోదాదేవి కూర్చున్న చోటు

ఆ ఆదివారం గోదాదేవి తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది. మ్యాచ్ మొదలయ్యేలోపు వంట, దేవుడికి ఆరగింపు, భోజనాలు అన్నీ ముగించాలని ఆమె ఆలోచన. తిరుపతిలో ఆఫీసు గుమాస్తా అయిన భర్త సంపత్కుమార్ టీవీ కొన్న నాటినుంచి క్రికెట్ అంటే ఆమెకు వంటింట్లోకి వినబడే కేకలే. కంటితో చూసింది లేదు. "అమ్మా, రేపు నువ్వు మా ఇద్దరి మధ్యలో కూర్చోవాల," అని ఐదేళ్ల వకుళ ముందురోజే మాట తీసుకుంది. ఏడేళ్ల ముకుందం చాప మీద తల్లి చోటును పొద్దున్నుంచి కాపలా కాస్తున్నాడు.

ఎదురింటి బియ్యం వ్యాపారి గోవిందస్వామి వేళకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఇంట్లోనూ టీవీ ఉంది. కానీ దాంట్లో చూసిన మ్యాచ్‌లన్నీ మనవాళ్లు ఓడిపోయారు. అప్పటినుంచి మ్యాచ్ రోజున దాని మీద దుప్పటి కప్పేసి ఇక్కడికి వస్తున్నాడు.

మనవాళ్ల బ్యాటింగ్. గోదాదేవి చేతులు తుడుచుకుంటూ వచ్చి పిల్లల మధ్య కూర్చుంది. ఆమె కూర్చోగానే వేసిన బంతికే వికెట్ పడింది. పాలు దించడానికి ఆమె లోపలికి వెళితే ఫోరు వచ్చింది. తిరిగొచ్చి కూర్చుంటే రెండో వికెట్ పోయింది.

గోవిందస్వామి గొంతు సవరించుకున్నాడు. "సామీ, నేను సెప్తే బాగుండదు. అమ్మ కాసేపు లోపలికి పోతే..."

"దానికీ దీనికీ ఏం సంబంధమబ్బా," అన్నాడు సంపత్కుమార్. ఆయన ఫిజిక్సు చదివినవాడు. ఒక్క క్షణం ఆగి భార్యవైపు తిరిగాడు. "అయినా నీకు లోపల పనేమీ లేదా గోదా?"

"లేదండీ. అంతా చేసుకునే వచ్చినాను."

"ఏదో ఒకటి చూసుకో. మనవాళ్లు కుదురుకున్నాక పిలుస్తాను."

గోదాదేవి ఆయనను ఒకసారి చూసి లేచింది. వకుళ కొంగు పట్టుకుని వెంట వెళ్లింది. వంటింటి తలుపు దగ్గరగా పడింది. ఆ తర్వాతి బంతే సిక్సర్. అప్పుడు ముకుందం చెయ్యి నెత్తిమీద ఉంది. "ఆ సెయ్యి తియ్యొద్దు నాయనా," అన్నాడు గోవిందస్వామి.

కాసేపటికి ముకుందం, "కుదురుకున్నారు గదా నాయనా, అమ్మను పిలుద్దామా?" అన్నాడు.

"పిలిస్తే కుదురు చెడిపోదా?" అన్నాడు తండ్రి.

మధ్యాహ్నం అవతలివాళ్లు బ్యాటు పట్టారు. ఎంతసేపటికీ ఒక్క వికెట్టూ పడలేదు. వంటింట్లోనుంచి కాఫీ కూడా రాలేదు. గోవిందస్వామి ఉన్నట్టుండి తొడ చరుచుకున్నాడు. "సామీ, అమ్మ వస్తే వికెట్ పడతాది. ఇప్పుడు పడాల్సింది వాళ్లవే గదా. పిలవండి."

ఆ ఇంట్లో వంటింటికి మడి. మళ్లీ స్నానం చేసి తడిబట్ట కట్టందే మగవాళ్లు గడప దాటరు. సంపత్కుమార్ తలుపు బయటే నిలబడి, "గోదా, ఇప్పుడు రావచ్చు," అన్నాడు. జవాబు లేదు.

"అలిగినట్టుండాది. బతిమాలండి," అన్నాడు గోవిందస్వామి.

"పొద్దున నేను అన్నది తప్పే గోదా."

టీవీలో కేక. వికెట్ పడింది.

"ఆపొద్దు సామీ. ఆడనే నిలబడి అడగతానే ఉండండి."

సంపత్కుమార్ అడుగుతూనే ఉన్నాడు. పాకాలలో ఆమె చెల్లెలి పెళ్లికి ఒక్కరోజు ముందుగా పంపనందుకు తప్పు ఒప్పుకున్నాడు. ఇంకో వికెట్ పడింది. సాంబారు బాగున్న రోజున నోరు మూసుకుని, ఉప్పు ఎక్కువైన రోజున మాత్రం నోరు తెరిచినందుకు ఒప్పుకున్నాడు. అదీ పనిచేసింది. చిన్న తప్పులన్నీ అయిపోయాయి. ఆయన గొంతు తగ్గింది.

"ముకుందం పుట్టినప్పుడు నీకు జ్వరమొస్తే, వంటెవరు చేస్తారని దిగులుపడినాను. నీ గురించి తర్వాత. అది నువ్వు విన్నావు. విన్నావని నాకు తెలుసు."

ఆ మాటకు వికెట్ పడలేదు. అయినా సంపత్కుమార్ తలుపు దగ్గరనుంచి కదల్లేదు. "నువ్వు కూర్చుంటే ఓడిపోతారా, పోనీ. వచ్చి కూర్చో," అన్నాడు.

మనవాళ్లు గెలిచారు. వీధిలో టపాకాయలు పేలాయి. పొద్దున్నుంచి నెత్తిమీదున్న చెయ్యి దించి, ముకుందం ఏ మడీ చూడకుండా వంటింటి తలుపు తోశాడు. "నాయనా, ఈడ అమ్మ లేదు. పాపా లేదు."

పొయ్యి చల్లారి ఉంది. పెరటి తలుపుకు బయట గడియ.

"పుట్టింటికి పాకాల బండెక్కిందేమో సామీ," అన్నాడు గోవిందస్వామి నెమ్మదిగా.

సంపత్కుమార్ చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. ఎదురింట్లోనుంచి వకుళ నవ్వు వినబడింది. లోపల గోవిందస్వామి భార్య సుబ్బులమ్మ మురుకులు పంచుతోంది. టీవీ మీది దుప్పటి మడతపెట్టి మూలన ఉంది. గోదాదేవి ఒళ్లో వకుళ కూర్చుంది.

"ఈడికి ఎప్పుడొచ్చినావు?" అన్నాడు సంపత్కుమార్ రొప్పుతూ.

"మీరు లోపలికి పొమ్మన్నప్పుడే. లోపల పనేమీ లేదని చెప్పినాను గదా."

"మ్యాచ్ చూసినావా?"

"ఒక్క బంతి వదల్లేదు."

వెనకే వచ్చిన గోవిందస్వామి గుమ్మంలో కూలబడ్డాడు. అచ్చిరాని టీవీ, అచ్చిరాని మనిషి. రెండూ కలిశాక మనవాళ్లు గెలిచారు. "ఇదెట్లా కుదిరింది?" అన్నాడు.

"నువ్వు ఈడ లేవు గదా, అందుకే," అంది సుబ్బులమ్మ.

ముకుందం తల్లి పక్కన చేరాడు. "అమ్మా, నాయన నీ తలుపుతో ఏమేం చెప్పినాడో తెలుసునా?" అని పెళ్లి, సాంబారు, జ్వరం అన్నీ వరసగా అప్పజెప్పాడు. సంపత్కుమార్ గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. గోదాదేవి చివరిదాకా విని, కూతురి జుట్టు సవరించింది.

"మళ్లీ మ్యాచ్ ఎప్పుడంట?" అంది తర్వాత.

"వచ్చే ఆదివారం. నువ్వు మాతోనే కూర్చో, పిల్లల మధ్య."

"వికెట్లు పడితే?"

"పడితే నేను పోతాను వంటింట్లోకి."

ఆ తర్వాతి ఆదివారం మనవాళ్ల వికెట్లు పొద్దున్నే టపటపా రాలాయి. సంపత్కుమార్‌కు ఉప్మా చేయడం వచ్చింది ఆ రోజే.